కొరడాకు కులం తెలుసు

ఎక్కడ ఆడబిడ్డ మీద అఘాయిత్యం జరిగినా, ఎక్కడ ముసలమ్మ మెడలో గొలుసు తెగినా అనంతపురంలో ఒకటే మాట. "టవర్‌క్లాక్ కాడ కట్టేసి కొట్టల్లప్పా, ఊరంతా చూడల్ల. అప్పుడు గానీ భయం రాదు." టీ బంకుల దగ్గర, బస్సుల్లో, పెళ్ళి భోజనాల పంక్తిలో, చివరికి కోర్టు ఆవరణలో కూడా ఇదే మాట. 2019 డిసెంబరులో హైదరాబాదు దగ్గర ఒక ఆడబిడ్డ మీద జరిగిన అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులను చటాన్‌పల్లి దగ్గర కాల్చి చంపిన పోలీసుల మీద జనం పూలు చల్లడం వెనక ఉన్నదీ ఈ ఆలోచనే.

ఈ మాట అనేవాళ్ళంతా క్రూరులని నేను అనను. వాళ్ళ వాదనకు బలం ఉంది, ఆ బలంతోనే దాన్ని ముందు పెడతాను. పూర్వం శిక్షలు కఠినంగా ఉండేవి, దొంగలు భయపడేవాళ్ళు. దొరల కాలంలో చట్టం అంటే చట్టమే, ఎవరికైనా ఒకటే. ఇప్పుడు కేసు పదేళ్ళు నడుస్తుంది, సాక్షులు జారుకుంటారు, నేరస్థుడు బెయిలు మీద కాలరెగరేసుకుని తిరుగుతాడు. ఒకవేళ శిక్ష పడినా మన పన్నులతో జైల్లో మేపుతారు. సింగపూరులో, సౌదీలో దెబ్బలు పడతాయి కాబట్టే అక్కడ ఆడవాళ్ళు అర్ధరాత్రి తిరగగలుగుతున్నారు. పైగా నాలుగు దెబ్బలు తిన్నవాడు మర్నాడు కూలికి పోవచ్చు, జైలుకు పోయినవాడి ఇల్లు మాత్రం కూలిపోతుంది. ఇదీ వాళ్ళ వాదన. ఇందులో కేసులు నత్తనడక నడుస్తున్నాయన్న ఫిర్యాదు పూర్తిగా నిజం. మిగతాదాంట్లో ఎక్కువ భాగం మన చరిత్ర తెలియకపోవడం వల్ల అంటున్నది.

1. రాయల కాలంలో చేతులు నరికారు కాబట్టి దొంగల్లేరా?

శిక్షలు ఘోరంగా ఉండేవన్నది నిజమే. పదహారో శతాబ్దంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఫెర్నావ్ నూనిజ్ కళ్ళారా చూసి రాశాడు. చిన్న దొంగతనానికైనా ఒక చేయి, ఒక కాలు నరికేవారు. పెద్ద దొంగతనమైతే గడ్డం కింద కొక్కెం గుచ్చి వేలాడదీసేవారు. మన పెనుకొండ ఆ రాజ్యానికి రెండో రాజధాని లాంటిది. కాబట్టి ఇది మన నేల కథే.

కఠిన శిక్షల వాదులు ఇక్కడితో చదవడం ఆపేస్తారు. అదే నూనిజ్ ఇంకో సంగతీ రాశాడు. దారిదోపిడీ జరిగిందని ఎవరైనా రాజు దగ్గర మొరపెట్టుకుంటే, ఆ సీమ నాయకుణ్ణి పిలిపించేవారు. దొంగను పట్టివ్వకపోతే ఆ నాయకుణ్ణే పట్టుకుని ఆస్తి లాక్కునే అవకాశం ఉండేది. నగరంలో దొంగతనాలకు కొత్వాలు జవాబు చెప్పుకోవాలి. అందుకే దొంగతనాలు చాలా తక్కువ అన్నది ఆయన మాట. నరికిన చేతుల వల్ల తగ్గాయని ఆయన అనలేదు. పట్టుకోవలసిన అధికారి మెడకు బాధ్యత చుట్టుకోవడం వల్ల తగ్గాయన్నాడు. రాయల కాలం తిరిగి రావాలనేవాళ్ళు ఆ సగాన్ని ఎందుకు అడగరు? మీ స్టేషన్ పరిధిలో గొలుసు పోతే, దొరికేదాకా సర్కిల్ ఇన్‌స్పెక్టరు జీతం ఆపమని ఒక్కరైనా అన్నారా? దొంగ చేయి నరకమని అడగడం సులువు, అధికారిని జవాబు అడగడం కష్టం.

2. దొరల చట్టం అందరికీ ఒకటేనా?

అసలు తప్పంతా ఇక్కడే ఉంది. కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడక తప్పదు.

థామస్ మన్రో అంటే అనంతపురం వాళ్ళకు ఇప్పటికీ అభిమానం. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు కలెక్టరు. పాలెగాళ్ళను అణచినవాడు, రైతుతో నేరుగా శిస్తు కుదుర్చుకున్నవాడు. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే ముందు గుత్తిలోనే పూడ్చిపెట్టారు. ఆయన రైతుపక్షపాతాన్ని నేను కాదనను. కానీ ఆయన అధ్యక్షతన పనిచేసిన సంఘం సిఫారసులతో వచ్చిన 1816 రెగ్యులేషన్లలో పదకొండోది చదవండి. ఊళ్ళో తిట్లు, చిన్నచిన్న కొట్లాటల తగవులను గ్రామ పెద్ద విచారించవచ్చు. తప్పు చేసినవాణ్ణి పన్నెండు గంటలకు మించకుండా చావడిలో కూర్చోబెట్టవచ్చు. అయితే ఆ మనిషి తక్కువ కులం వాడైతే, అంత అవమానకరమైన శిక్ష వేయడం అనుచితం కాని కులం వాడైతే, ఆరు గంటల దాకా బొండలో వేయవచ్చు.

బొండ అంటే ఈ తరానికి తెలియకపోవచ్చు. రెండు బరువైన దుంగలు, మధ్యలో కాళ్ళు పట్టేంత రంధ్రాలు. పై దుంగ ఎత్తి మనిషి చీలమండలు ఆ కంతల్లో పెట్టి మళ్ళీ దించి బిగిస్తారు. ఎండ పడితే ఎండలో, వాన పడితే వానలో కూర్చోవాలి. ఈగ వాలితే తోలుకోవచ్చు గానీ కాలు ముడవలేరు. లేవలేరు. పిల్లలు చుట్టూ చేరతారు, పెళ్ళాం నీళ్ళు తెచ్చి ఇచ్చే లోపు ఊరంతా చూస్తుంది. ఒకే తిట్టు తిట్టిన ఇద్దరిలో ఒకడు చావడి అరుగు మీద నీడన కూర్చుంటాడు, ఇంకొకడు బొండలో ఉంటాడు. ఆ తేడా ఏ గ్రామ పెద్దో దురుసుతనంతో చేసింది కాదు, చట్టమే అక్షరాలా రాసి పెట్టింది. దశాబ్దాల పాటు ఆ అక్షరాలు చెరగలేదు.

ఇక కొరడా సంగతి. 1837లో మెకాలే సిద్ధం చేసిన శిక్షాస్మృతి ముసాయిదాలో కొరడా లేదు. 1860లో వచ్చిన అసలు శిక్షాస్మృతిలోనూ లేదు. నాలుగేళ్ళు తిరగకుండా 1864లో ప్రత్యేకంగా కొరడా చట్టం తెచ్చారు. జైళ్ళు నిండిపోతున్నాయి, ఖర్చు పెరుగుతోంది, కొట్టి పంపిస్తే చవక. మొదటి తప్పుకే కొరడా పడగల నేరాల జాబితా చూడండి. దొంగతనం, దొంగసొత్తు పుచ్చుకోవడం, బెదిరించి గుంజడం, దొంగతనానికి ఇంట్లో దూరడం. మోసం, నమ్మకద్రోహం, లంచం ఆ జాబితాలో లేవు. 1909లో చట్టాన్ని తిరగరాసినప్పుడు ఇంకో మెట్టు ఎక్కారు. గుమాస్తా గానీ నౌకరు గానీ యజమాని సొత్తు దొంగిలిస్తే అది కొరడా జాబితాలోంచి బయటికి పోయింది. అదే సొత్తును కూలివాడు గోడ దూకి తీస్తే కొరడా. దొంగతనం రెండు చోట్లా ఒకటే, వీపు వేరు.

ఘోర నేరస్థుణ్ణి కొట్టాలని అడిగేవాళ్ళు ముఖ్యంగా తెలుసుకోవలసింది 1898 నేరవిచారణ స్మృతిలో ఉంది. మరణశిక్ష పడినవాణ్ణి, ద్వీపాంతరం పడినవాణ్ణి, ఐదేళ్ళకు మించి జైలు పడినవాణ్ణి కొరడా ముట్టుకోరాదు. అత్యాచారం, బందిపోటు లాంటివి చట్టంలో కొరడా నేరాలుగా ఉన్నా, కోర్టు పెద్ద శిక్ష వేసిందంటే కొరడా పక్కకు తప్పుకోవలసిందే. అంటే ఆ స్మృతి కింద కోర్టు శిక్షగా వేసే కొరడా హంతకుడి వీపు చూడనే లేదు. ఎక్కువగా చిల్లర దొంగ వీపే చూసింది. మనం ఊహించుకుంటున్న కొరడా మన చరిత్రలో లేదు.

ఉన్న కొరడా ఎలా ఉండేదో కూడా ఆ స్మృతే చెబుతుంది. పదహారేళ్ళు దాటినవాడికి అరంగుళానికి తగ్గని లావున్న పేము బెత్తం. ముప్పై దెబ్బలకు మించరాదు. పదహారు లోపు పిల్లవాడికైతే పదిహేను. ఆడవాళ్ళకు లేదు, నలభై ఐదు దాటినవాళ్ళకు లేదు. తట్టుకోగలడని వైద్యాధికారి ధ్రువీకరించాలి. ఇవాళ కొన్ని, రేపు కొన్ని అని వాయిదాల మీద కొట్టరాదు. మధ్యలో ఇక తట్టుకోలేడని తేలితే ఆపేయాలి. బెత్తం లావు కొలిచారు, దెబ్బలు లెక్కపెట్టారు, కొట్టే చేతి బలాన్ని మాత్రం ఎవరూ కొలవలేకపోయారు. వార్డరుకు డబ్బు ముట్టినవాడి వీపు మీద పడే దెబ్బా, ముట్టనివాడి వీపు మీద పడే దెబ్బా రికార్డులో ఒకటే అంకె.

ఈ చట్టం కరువు సీమలో ఎవరి మీద పడి ఉంటుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. 1876 నుంచి 1878 దాకా ధాత కరువు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, ఈ తాలూకాలన్నీ బళ్ళారిలో ఉన్నాయి. 1871, 1881 జనాభా లెక్కల మధ్య ఈ నేలలో దాదాపు ఐదో వంతు జనం తగ్గిపోయారు. కరువు పనుల్లో మగకూలీకి రోజుకు ఒక పౌను గింజల ఖరీదు, పైన అర్ధణా చాలని 1877లో భారత ప్రభుత్వం పంపిన కరువు ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. ఆ కూలితో ఆకలి తీరదు. గింజల బండ్ల మీద, పాతర్ల మీద, అంగళ్ళ మీద జనం పడ్డారు. దొంగతనాల కేసులు పెరిగాయి, జైళ్ళు కిక్కిరిశాయి, కొరడా శిక్షలూ పెరిగాయి. రెండు మానికల జొన్నలు ఎత్తుకుపోయినవాడి వీపు మీద చట్టం తన ఖర్చు మిగుల్చుకుంది. ఆ జొన్నలను ధర పెరిగేదాకా పాతర్లో దాచిన షావుకారు ఏ సెక్షనూ మీరలేదు.

1871 నాటి నేరస్థ జాతుల చట్టం ఈ కొరడా చట్టానికి కొనసాగింపు. ఆ చట్టం కింద నమోదైన కులంలో పుట్టినవాడు నిబంధన తప్పితే కఠిన జైలు, జరిమానా, కొరడా. నేరం చేయనక్కర్లేదు, అనుమతి లేకుండా ఊరు దాటితే చాలు. 1911లో ఆ చట్టం కొత్త రూపంలో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల వాళ్ళు దశాబ్దాల పాటు దాని కింద నలిగారు. 1952 దాకా ఆ ముద్ర దేశంలో పూర్తిగా పోలేదు.

మరి దొరలకు? 1893 అక్టోబరులో గుంతకల్లు దగ్గర తెల్ల సిపాయిలు ఇద్దరు ఆడవాళ్ళ వెంటపడ్డారు. రైల్వే గేట్‌కీపరు హంపన్న వాళ్ళకు అడ్డం నిలబడి తుపాకి గుండుకు ప్రాణం వదిలాడు. గుత్తి వకీలు కేశవపిళ్ళె ఆ కేసును ఊరికే పోనివ్వలేదు. అయినా మద్రాసు హైకోర్టులో నిందితుడు నిర్దోషిగా బయటికి నడిచాడు. హంపన్న స్మారకం గుత్తిలో ఇప్పటికీ ఉంది. చట్టం అందరికీ ఒకటే అనేవాళ్ళు ఒకసారి అక్కడికి వెళ్ళి ఆ మాట అనాలి.

3. భయం పుడుతుందా?

భయం పుడితే నేరం ఆగుతుందన్నది ఈ వాదానికంతటికీ వెన్నెముక. దాన్ని పరీక్షించిన దేశం ఇంగ్లండే. 1860ల మొదట్లో లండన్‌లో గొంతు నులిమి దోచుకునే నేరాలు ప్రబలాయని గగ్గోలు పుట్టింది. 1863లో వాటికి కొరడా పెట్టారు. కొరడా వల్లే ఆ నేరాలు ఆగాయని డెబ్బై ఏళ్ళు నమ్మారు. చట్టం వచ్చేటప్పటికే అవి తగ్గుముఖం పట్టాయని తర్వాత తేలింది. 1938లో శరీర దండన మీద వేసిన కడొగన్ కమిటీ లెక్కలు తీసింది. హింసతో కూడిన దోపిడీ కేసుల్లో కొరడా తిన్నవాళ్ళలో సగానికి పైగా మళ్ళీ తీవ్ర నేరాలు చేశారు. కొరడా తినని వాళ్ళలో ఆ పాళ్ళు తక్కువ. పదేళ్ళకు, 1948లో, ఇంగ్లండ్ ఆ శిక్షను వదిలేసింది. మనం 1955లో పార్లమెంటు చట్టంతో కొరడా చట్టాన్ని రద్దు చేసుకున్నాం.

ఇంగ్లండు దాకా ఎందుకు? శరీరానికి జరిగే హాని భయపెట్టి మనుషుల్ని ఆపగలిగితే రాయలసీమలో ఫ్యాక్షన్ రెండో హత్య దగ్గరే ఆగిపోవాలి. ఒకణ్ణి నరికితే తనను నరుకుతారని ప్రతి వర్గానికీ తెలుసు. బస్సులోంచి దించి, అందరూ చూస్తుండగా చంపుతారనీ తెలుసు. కోర్టు కన్నా ఘోరమైన, కోర్టు కన్నా వేగమైన శిక్ష అది. అయినా తాతల పగ మనవళ్ళ దాకా నడిచింది. బహిరంగంగా పడిన దెబ్బ చూసినవాడిలో భయం కన్నా ముందు కసి పుట్టింది. ఈ నేల మీద పుట్టి పెరిగినవాళ్ళే దెబ్బతో బుద్ధి వస్తుందని అంటుంటే నాకు బాధగా ఉంటుంది.

4. సింగపూరు, సౌదీ

ఈ పోలికకు ఎక్కువ చోటు అక్కర్లేదు. సింగపూరు బెత్తం బ్రిటిష్ వాళ్ళు వదిలిపోయిందే. అక్కడ వీసా గడువు దాటి తొంభై రోజులకు మించి ఉండిపోయిన మగ కూలీకి కూడా బెత్తం దెబ్బలున్నాయి. ఏజెంటు చేతిలో మోసపోయి చిక్కుకున్న మనవాడిదైనా ఆ వీపుల్లో ఒకటి కావచ్చు. హాంకాంగ్ 1990లో బెత్తం శిక్షను రద్దు చేసుకుంది, ఆ తర్వాత దొంగల అడ్డాగా మారిపోలేదు. సౌదీ అత్యున్నత న్యాయస్థానం కూడా 2020లో న్యాయమూర్తుల విచక్షణ మీద వేసే కొరడా శిక్షలకు బదులు జైలు, జరిమానా వేయాలని నిర్ణయించింది. మనం ఆదర్శమనుకుంటున్నదాన్ని వాళ్ళే వదిలించుకుంటున్నారు.

పైగా కొరడా ఒకసారి చట్టంలోకి వచ్చాక పాలకుడు ఎవరి మీద కావాలంటే వాళ్ళ మీదికి తిప్పుతాడు. 1919లో పంజాబులో సైనిక శాసనం కింద జనాన్ని వీధుల్లో కొట్టారు. సహాయ నిరాకరణలో పట్టుబడిన చంద్రశేఖర ఆజాద్‌కు పదిహేను బెత్తం దెబ్బలు పడ్డాయి, పిల్లవాడికి చట్టం అనుమతించే గరిష్ఠం అదే. పాకిస్తాన్‌లో జియా ఉల్ హక్ కాలంలో, 1978లో, పత్రికా స్వేచ్ఛ కోసం నిరసన తెలిపిన జర్నలిస్టుల వీపులు చిట్లాయి.

5. జైల్లో మేపడం కన్నా నయమా?

ఈ వాదాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. అమెరికాలో ఒకప్పటి పోలీసు, తర్వాత ఆచార్యుడైన పీటర్ మోస్కోస్ 2011లో ఇదే అడిగాడు: ఐదేళ్ళ జైలా, పది దెబ్బలా అని దోషినే కోరుకోమంటే ఏది కోరుకుంటాడు? జైలు ఎంత క్రూరమైందో చూపించడానికి ఆయన ఆ ప్రశ్న వేశాడు. మనవాళ్ళు దాన్ని తలకిందులు చేసి కొరడాకు సమర్థనగా వాడుతున్నారు.

మన జైళ్ళలో ఉన్నవాళ్ళలో నాలుగింట మూడొంతుల మంది విచారణ ఖైదీలు. వాళ్ళ నేరం రుజువు కాలేదు. కొరడా చట్టం రేపు వచ్చినా వాళ్ళను బయటికి పంపదు, శిక్ష పడితేగా దెబ్బలు? మేపే ఖర్చు గురించి బాధపడేవాళ్ళు బెయిలు పూచీకత్తు కట్టలేక మగ్గుతున్నవాళ్ళ గురించి మాట్లాడాలి. కేసు పదేళ్ళు నడవడం జబ్బయితే, పదకొండో ఏట కొట్టడం మందు కాదు.

అనంతపురానికి కూతవేటు దూరంలో, బుక్కరాయసముద్రం మండలం రెడ్డిపల్లిలో ఖైదీల వ్యవసాయ క్షేత్రం ఉంది. శిక్ష పడ్డవాళ్ళు, జీవిత ఖైదీలతో సహా, అక్కడ పొలం దున్నుతారు, పైరు పెడతారు. దశాబ్దాలుగా నడుస్తోంది. చాలామంది జిల్లావాళ్ళకు అది అక్కడుందనే తెలియదు. కరువు సీమలో నేరస్థుడి చేతులతో ఏం చేయించవచ్చో చూపించే చోటు మన గడప దగ్గరే ఉండగా, టవర్‌క్లాక్ స్తంభానికి కట్టమంటున్నాం.

6. కొరడా పోయిందా అసలు?

చట్టంలోంచి పోయింది గానీ గదిలోంచి పోలేదు. 1855లో మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం ఇచ్చిన నివేదికలో ఆ ప్రెసిడెన్సీలో శిస్తు వసూలుకూ, నేరం ఒప్పించడానికీ మనుషుల్ని ఎలా హింసించేవారో ఉంది. వేళ్ళను రెండు కర్రల మధ్య బిగించే కిట్టి, మెడను కాళ్ళకు కట్టి వంచి ఎండలో నిలబెట్టడం, వీపు మీద రాయి. ఎక్కువమంది బాధితులు రైతులు, హింసించింది రెవెన్యూ, పోలీసు బంట్రోతులు. ఐదేళ్ళకు వచ్చిన శిక్షాస్మృతిలో 330వ సెక్షన్ ఇచ్చిన ఉదాహరణలు చూడండి: నేరం ఒప్పించడానికి హింసించిన పోలీసు, బకాయి కట్టించడానికి హింసించిన రెవెన్యూ అధికారి. ఇప్పటి న్యాయ సంహితలో అదే 120వ సెక్షన్.

లాకప్పులో పడే దెబ్బకు తీర్పు అక్కర్లేదు, వైద్యుడి ధ్రువీకరణ అక్కర్లేదు, ముప్పై అనే హద్దు లేదు. బొండలో ఎవరు కూర్చున్నారో లాకప్పులో ఎక్కువగా వాళ్ళ మునిమనవలే ఉంటారు. బహిరంగ కొరడా కావాలని మనం చప్పట్లు కొట్టినప్పుడల్లా ఆ గదిలో లాఠీకి ధైర్యం వస్తుంది. చటాన్‌పల్లి కాల్పుల మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. పోలీసులు చంపే ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని అది తేల్చింది. పూలు చల్లినవాళ్ళలో ఎంతమంది ఆ నివేదిక చదివారు? చంపేశాక ఇక విచారణ ఏది? ఆ ఆడబిడ్డకు జరిగినదాంట్లో ఎవరు ఎంత చేశారో కోర్టులో రుజువయ్యే దారి కూడా ఆ ఉదయమే మూసుకుపోయింది.

కఠినమైన చట్టం కావాలంటున్నారు కదా. 120వ సెక్షన్ ఇప్పటికే ఉంది, అందులో పదేళ్ళ దాకా శిక్ష ఉంది. అరెస్టు చేసేటప్పుడు ఏం పాటించాలో 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టాలని, లాకప్పులు, వరండాలతో సహా, 2020 డిసెంబరులో అదే కోర్టు ఆదేశించింది. మీ మండలం స్టేషన్‌లో ఆ కెమెరాలు ఉన్నాయా, ఉంటే పనిచేస్తున్నాయా, రికార్డు ఎన్నాళ్ళు దాస్తున్నారు? సమాచార హక్కు కింద ఒక కాగితం పెట్టి అడగవచ్చు. గొలుసు పోయిన ముసలమ్మ ఫిర్యాదు అదే రోజు ఎఫ్ఐఆర్ అయిందా, ఆడబిడ్డ కేసులో ఛార్జిషీటు గడువులోగా పడిందా, సాక్షికి రక్షణ ఇచ్చారా? టవర్‌క్లాక్ దగ్గర గుమిగూడాలనుకునేవాళ్ళు ఈ ప్రశ్నలతో ఎస్పీ కార్యాలయం ముందు గుమిగూడండి, నేనూ వస్తాను.